బాగా పెరుగుతున్న డిష్‌లో ఏం జరిగింది: ఒక హెచ్9 కల్చర్ కేస్ స్టడీ

ఈ కేసు మా దగ్గరికి కల్చర్ సమస్యగా, అంటే డిష్‌లో కణాలు పెంచడంలో వచ్చిన సమస్యగా రాలేదు. కల్చర్ భేషుగ్గా ఉందనే చెప్పారు. నాడీ కణాల మీద పనిచేసే ఒక ల్యాబ్ వాళ్లు హెచ్9 అనే మనిషి ఎంబ్రియోనిక్ స్టెమ్ కణాల (పిండ మూలకణాల) లైన్ నుంచి న్యూరల్ ప్రొజెనిటర్లు, అంటే నాడీ కణాలకు ముందు దశ కణాలు తయారుచేస్తున్నారు. ఏడాది పాటు బాగానే నడిచిన ప్రొటోకాల్ ఉన్నట్టుండి మొరాయించడం మొదలుపెట్టింది. పాక్స్6 అనే ప్రొటీన్ కనిపిస్తే కణం నాడీ దారి పట్టిందని లెక్క. మొదట్లో డిష్ నిండా కనిపించిన పాక్స్6 ఇప్పుడు అక్కడక్కడ గుంపులుగా తప్ప కనిపించడం లేదు. మిగతా కణాలు చనిపోలేదు. పెరుగుతూనే ఉన్నాయి, కానీ మారడం లేదు.

ఇతర ల్యాబుల స్టెమ్ సెల్ కల్చర్లు చూసి నాణ్యత చెప్పడం నా పనిలో ఒక భాగం. ఇలాంటి ఫిర్యాదు వస్తే అందరూ ముందు రసాయనాల మీద పడతారు. వీళ్లూ అదే చేశారు. వాళ్లు వాడేది డ్యూయల్ స్మాడ్ ఇన్హిబిషన్ పద్ధతి. టీజీఎఫ్-బీటా అనే సంకేతాల దారిని ఎస్‌బీ431542తోనూ, బీఎంపీ అనే ఇంకో దారిని ఎల్‌డీఎన్193189తోనూ మూస్తే కణాలు నాడీ వైపు మళ్లుతాయి. 2009లో చేంబర్స్, స్టూడర్ బృందం వెలుగులోకి తెచ్చిన ఈ పద్ధతిని ఇప్పుడు చాలా ల్యాబులు వాడుతున్నాయి. రెండు మందులకూ కొత్త లాట్లు (బ్యాచ్‌లు) తెప్పించారు, ఫలితం మారలేదు. బీ27 అనే పోషక మిశ్రమం మార్చారు, అయినా మారలేదు.

నేను వెళ్లాక ముందు అడిగింది డిఫరెన్షియేషన్ (కణాలను వేరే రకంగా మార్చే పని) పుస్తకం కాదు, మెయింటెనెన్స్ పుస్తకం. అంటే రోజువారీ మీడియా (కణాలు పెరిగే పోషక ద్రవం) మార్పులు, డిష్ నిండాక కణాలను కొత్త డిష్‌ల్లోకి తరలించే ప్యాసేజ్‌లు రాసుకునే నోట్‌బుక్. కల్చర్ చూసే ప్రాజెక్ట్ ఫెలో తెలివైన కుర్రాడు, పని శుభ్రంగా చేస్తాడు. ప్లేటు మైక్రోస్కోప్ కింద పెట్టి, “మేడం, ఇంత హెల్దీగా ఉన్నాయి. వీటిలో తప్పేం ఉంటుంది?” అన్నాడు.

నిజంగానే బాగున్నాయి. కాలనీల అంచులు గీత గీసినట్టు ఉన్నాయి. కణాలు చిన్నవిగా, దగ్గర దగ్గరగా ఒదిగి ఉన్నాయి. న్యూక్లియస్ పెద్దది, దాని లోపల న్యూక్లియోలస్‌లు స్పష్టంగా తెలుస్తున్నాయి. మధ్యలో పసుపుపచ్చగా మందంగా పెరిగిన చోట్లు గానీ, అంచుల్లో పొడుగ్గా సాగిన డిఫరెన్షియేటెడ్ కణాలు గానీ దాదాపు లేవు. హెచ్9 కల్చర్‌లో కాస్తయినా అలాంటి చెత్త ఉంటుంది. వారానికి ఒకట్రెండు సార్లు దాన్ని టిప్‌తో గీకి తీసేయాలి. వీళ్ల ప్లేట్లలో గీకాల్సిన పనే లేదు.

“ఎన్ని రోజులకోసారి ప్యాసేజ్ చేస్తున్నావు?”

“మొదట్లో ఐదు రోజులు పట్టేది మేడం. ఇప్పుడు నాలుగో రోజుకే నిండిపోతోంది.”

“రేషియో?”

“అప్పుడు ఒకటికి నాలుగు. ఇప్పుడు ఒకటికి పది వేసినా సరిపోతోంది.”

నాకు అనుమానం మొదలైంది ఈ జవాబుతోనే. ఒకటికి నాలుగు, అంటే ఒక డిష్ కణాలను నాలుగు డిష్‌ల్లోకి వేసినప్పుడు, ఒక్కో డిష్ మళ్లీ నిండాలంటే కణాల సంఖ్య రెండుసార్లు రెట్టింపవ్వాలి. ఒకటికి పది అయితే మూడుసార్ల కంటే కొంచెం ఎక్కువ. అది కూడా ఐదు రోజుల్లో కాదు, నాలుగు రోజుల్లో. నోట్‌బుక్‌లో ప్యాసేజ్ నంబరు ఒక్కొక్కటే పెరుగుతుంది కానీ, రెండో పద్ధతిలో ప్రతి ప్యాసేజ్‌కీ కణాలు ఎక్కువ తరాలు దాటేస్తాయి. అందుకే నంబరు చూసి కల్చర్ వయసు చెప్పడం నాకు ఎప్పుడూ నచ్చదు.

మరి ఈ వేగం ఎప్పుడు వచ్చింది? పుస్తకం వెనక్కి తిప్పితే తేదీతో సహా దొరికింది. అప్పటిదాకా ఈడీటీఏ అనే రసాయనంతో చిన్న చిన్న ముద్దలుగా విడదీసి వేసేవాళ్లు. ఒకరోజు నుంచి కణాలను విడదీసే ఎంజైమ్ ద్రావణం ఆక్యుటేజ్‌తో కణాలను విడివిడిగా చేసి, లెక్కపెట్టి, విడి కణాలు చావకుండా వై-27632 అనే మందు కలిపి వేయడం మొదలుపెట్టారు. కారణం సబబైనదే. ముద్దలను లెక్కపెట్టలేం, విడి కణాలను లెక్కపెట్టొచ్చు. ప్రతి ప్రయోగానికీ ఒకే సంఖ్యలో కణాలు వేయొచ్చు. డ్యూయల్ స్మాడ్ మొదలుపెట్టేటప్పుడు ఎలాగూ విడి కణాలుగానే వేయాలి కదా, మెయింటెనెన్స్ కూడా అలాగే చేసేస్తే పని సులువవుతుందని అనుకున్నారు.

మనిషి ఎంబ్రియోనిక్ స్టెమ్ కణాలను తరలించడంలో అసలు కష్టం ఎక్కడుందో ఇక్కడ చెప్పాలి. 1998లో విస్కాన్సిన్‌లో జేమ్స్ థామ్సన్ బృందం మొదటి ఐదు లైన్లు తీసినప్పుడు, అంటే హెచ్1, హెచ్7, హెచ్9, హెచ్13, హెచ్14 అన్నమాట, వాటిని ఎలుక పిండాల ఫైబ్రోబ్లాస్టుల మీద పెంచారు. స్టెమ్ కణాలకు ఆసరాగా ఉండే ఆ ఫీడర్ కణాలు తాము విభజన చెందకుండా రేడియేషనో మైటోమైసిన్-సీనో ఇచ్చి ఆపేయాలి. కాలనీలను కొలాజినేజ్‌తో వదులుచేసో, సన్నగా సాగదీసిన గాజు పిపెట్‌తో ముక్కలు కోసో కొత్త డిష్‌లోకి మార్చేవాళ్లు. ఎలుక ఎంబ్రియోనిక్ స్టెమ్ (ఈఎస్) కణాలను ట్రిప్సిన్ ఎంజైమ్ పెట్టి విడివిడిగా చేసినా హాయిగా పెరుగుతాయి. మనిషివి అలా కాదు. వరి నారును కుదుళ్లుగా పీకి నాటినట్టు వీటిని కొన్ని కణాల ముద్దగానే తరలించాలి. శ్రీ వరిలో లాగా ఒక్కో మొక్క విడదీసి నాటితే దాదాపు అన్నీ పోతాయి.

ఎందుకు పోతాయో తర్వాత తెలిసింది. పక్క కణంతో ఈ-క్యాడ్హెరిన్ అనే ప్రొటీన్ ద్వారా ఉన్న పట్టు తెగగానే లోపల రాక్ అనే ఎంజైమ్ విజృంభిస్తుంది. అది మయోసిన్‌ను బిగిస్తుంది. కణం పొర బుడగలు బుడగలుగా పొంగి, చివరికి కణం తనను తానే చంపుకుంటుంది. 2007లో జపాన్‌లో సాసాయ్ బృందం రాక్‌ను అడ్డుకునే వై-27632ను 10 మైక్రోమోలార్ మోతాదులో వాడి, విడి కణాల నుంచి కాలనీలు వచ్చే రేటును సుమారు 1 శాతం నుంచి 27 శాతానికి పెంచి చూపించింది. ఈ మందు రాకతో మా పనే మారిపోయింది. సింగిల్ సెల్ క్లోనింగ్, జీన్ ఎడిటింగ్, సార్టింగ్ అన్నీ దీని పుణ్యమే. అందుకని దీన్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ 27 శాతం అంటే మిగతా 73 శాతం కాలనీలు కాలేదని కూడా కదా. ప్రతి ప్యాసేజ్ ఒక వడపోత. ఆ వడపోతలో ఎవరు మిగులుతున్నారన్నదే ప్రశ్న.

ల్యాబ్ వాళ్ల దగ్గర అప్పటికే నాలుగు రిపోర్టులు ఉన్నాయి. మైకోప్లాస్మా బ్యాక్టీరియా పీసీఆర్ నెగెటివ్. ఎస్‌టీఆర్ ప్రొఫైల్ (కణాల గుర్తింపు చెప్పే డీఎన్ఏ పరీక్ష) హెచ్9దే, ఇంకో లైన్ కలవలేదు. ఫ్లోసైటోమెట్రీలో స్టెమ్ కణాల గుర్తులైన ఓసీటీ4, ఎస్‌ఎస్‌ఈఏ-4 దాదాపు అన్ని కణాల్లోనూ ఉన్నాయి. క్రోమోజోమ్‌లకు పట్టీలుగా రంగు వేసి చూసే జీ-బ్యాండింగ్ కేరియోటైప్ 46, ఎక్స్‌ఎక్స్, నార్మల్. “ఇంకేం కావాలి?” అన్నట్టు ఫైలు నా ముందు పెట్టారు.

ఇవి తప్పుడు రిపోర్టులు కావు. కానీ ఒక్కొక్కటీ ఒక్కొక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఓసీటీ4 ఉందంటే కణం ఇప్పుడు ప్లూరిపొటెంట్ (ఏ రకం కణంగానైనా మారగల) స్థితిలో ఉందని అర్థం, దాని జీనోమ్ గురించి అదేమీ చెప్పదు. ఇక జీ-బ్యాండింగ్. అందులో సాధారణంగా విభజన మధ్యలో ఉన్న 20 కణాలను, అంటే 20 మెటాఫేజ్‌లు చూస్తారు. 20లోనూ ఏమీ కనపడలేదంటే, మార్పు ఉన్న కణాలు 14 శాతానికి మించి లేవని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు, అంతే. అది కూడా మార్పు కంటికి కనిపించేంత పెద్దదైతేనే. 5 నుంచి 10 మెగాబేస్‌ల (ఒక మెగాబేస్ అంటే పది లక్షల డీఎన్ఏ అక్షరాలు) కంటే చిన్నదైతే పట్టీల్లో తేడా తెలియదు. రిపోర్టు కింద చిన్న అక్షరాల్లో ఈ పరిమితి రాసే ఉంటుంది. “నార్మల్” అన్న మాట దగ్గరే అందరి చూపూ ఆగిపోతుంది.

మానవ స్టెమ్ కణాల్లో పదేపదే కనిపించే మార్పులు కొన్ని ఉన్నాయి. 12వ క్రోమోజోమ్ అదనంగా రావడం, 17వ దాని పొడవు భుజం అదనంగా రావడం గురించి డ్రేపర్, ఆండ్రూస్ బృందం 2004లోనే రాసింది. ఇవి పెద్దవి, జీ-బ్యాండింగ్‌లో దొరుకుతాయి. తెలివిగా తప్పించుకునేది 20వ క్రోమోజోమ్‌లో 20క్యూ11.21 అనే చిన్న ప్రాంతం. 2011లో ప్రపంచవ్యాప్తంగా అనేక ల్యాబులు కలిసి 125 ఈఎస్ లైన్లు, 11 ఐపీఎస్ (మామూలు కణాలను వెనక్కి మళ్లించి చేసిన స్టెమ్ కణాల) లైన్లు పరీక్షించినప్పుడు, ఐదింట ఒక వంతు లైన్లలో ఈ ముక్క అదనంగా ఉన్నట్టు తేలింది. చాలాసార్లు దాని పరిమాణం 5 మెగాబేస్‌లకు లోపే. అందులో ఉన్న ఒక జీను పేరు బీసీఎల్2ఎల్1. అది తయారుచేసే బీసీఎల్-ఎక్స్‌ఎల్ ప్రొటీన్ కణం చావును అడ్డుకుంటుంది.

అంటే ఏమైంది? కణాలను విడదీసినప్పుడు చావు వడపోత పెడుతున్నాం. చావును అడ్డుకునే జీను ఒక కాపీ ఎక్కువున్న కణానికి ఆ వడపోతలో మొగ్గు ఉంటుంది. అది వేగంగా విభజన చెందాల్సిన పని కూడా లేదు, తక్కువ చస్తే చాలు. ఊరికే ఒక లెక్క వేసి చూడండి. నూటికి ఒక్క కణంలో మార్పు ఉందనుకుందాం. ప్రతి ప్యాసేజ్‌లో అవి మిగతా వాటికంటే రెండు రెట్లు ఎక్కువగా బతుకుతున్నాయనుకుందాం. 1కి 99 ఉన్న నిష్పత్తి 2కి 99, 4కి 99 అవుతూ ఏడో ప్యాసేజ్‌కి 128కి 99 అవుతుంది. నాలుగు రోజులకో ప్యాసేజ్ అయితే నెల తిరక్కుండానే సగానికి పైగా డిష్ వాటిదే. బయట నుంచి చూసేవాళ్లకి మాత్రం కల్చర్ “సెటిలైంది”, “అలవాటు పడింది” అనిపిస్తుంది. మా ల్యాబుల్లో ఈ “అలవాటు పడింది” అన్న మాట ఎవరు అన్నా నేను కేరియోటైప్ తేదీ అడుగుతాను.

నాడీ కణాలుగా మారకపోవడానికీ ఇదే కారణమయ్యే అవకాశం ఉంది. 20క్యూ11.21 అదనంగా ఉన్న కణాల్లో టీజీఎఫ్-బీటా సంకేతాలు గాడి తప్పి, న్యూరోఎక్టోడెర్మ్ (నాడీ కణజాలానికి మూలమైన పొర) వైపు వెళ్లడం దెబ్బతింటుందని 2019లో బ్రస్సెల్స్ పరిశోధకులు ప్రచురించారు. మిగతా దారులకు అంత ఇబ్బంది లేదు. మనవాళ్లు మూయాలని చూస్తున్న దారీ టీజీఎఫ్-బీటాయే.

అనుమానం ఇంత సూటిగా ఉన్నాక పరీక్ష ఎంచుకోవడం కష్టం కాదు. ముందు క్యూపీసీఆర్ (డీఎన్ఏ కాపీల మోతాదు కొలిచే పరీక్ష) పెట్టాం, త్వరగా అవుతుందని. ఇందులో ఒక చిక్కుంది. అన్ని కణాల్లోనూ రెండు కాపీల బదులు మూడుంటే సంకేతం 1.5 రెట్లు వస్తుంది. మూడో వంతు కణాల్లోనే ఉంటే 1.17 రెట్లు మాత్రమే. పిపెట్ పట్టే చేతి తేడాకే అంత ఊగిసలాట వస్తుంది. మా ఫలితం ఒకటిన్నరకు దిగువనే అయినా, చేతి తేడా అని కొట్టిపారేయలేనంత పైన వచ్చింది. దాని మీద తీర్పు ఇవ్వకుండా ఫిష్ పరీక్షకు, అంటే డీఎన్ఏ ముక్కకు మెరిసే రంగు ప్రోబ్ అంటించి చుక్కలుగా చూసే పరీక్షకు పంపాం.

ఫిష్ స్లైడ్ చూడటంలో ఒక మెలకువ ఉంది. అదనపు ముక్క చాలావరకు అసలు ముక్కను ఆనుకునే ఉంటుంది. కాబట్టి మూడో చుక్క విడిగా కనపడకపోవచ్చు. ఒక చుక్క ఒంటరిగా, రెండోది జంట చుక్కగానో, లేదా మామూలు కంటే లావుగానో కనిపిస్తుంది. కానీ డీఎన్ఏ అప్పుడే నకలు చేసుకున్న మామూలు కణంలోనూ చుక్కలు జంటగా కనిపిస్తాయి. స్టెమ్ కణాలు ఎక్కువ సమయం ఆ దశలోనే గడుపుతాయి, కాబట్టి పొరబడటం చాలా సులువు. అందుకే అదే క్రోమోజోమ్ మీద ఇంకో చోట అంటుకునే వేరే రంగు ప్రోబ్ పెట్టాలి. మామూలు కణాల స్లైడ్ కూడా పక్కనే ఉంచి, ఏది ఏదో తెలియకుండా లెక్కపెట్టించాలి. అలాగే చేశాం. కంట్రోల్ ప్రోబ్ రెండు ఒంటి చుక్కలుగా ఉండి, బీసీఎల్2ఎల్1 ప్రోబ్ మాత్రం ఒకవైపు జంటగా ఉన్న కణాలు సగానికి పైగా వచ్చాయి. మామూలు స్లైడ్‌లో అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

తర్వాత చేసిన పని నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. ద్రవ నైట్రోజన్ ట్యాంకులోంచి కణాలు దాచిన పాత వయల్స్ (చిన్న సీసాలు) తీయించాను. ఈ ల్యాబ్‌కి ఒక మంచి అలవాటు ఉంది. ఎప్పటికప్పుడు కొన్ని వయల్స్ ఫ్రీజ్ చేసి, మూత మీద ప్యాసేజ్ నంబరు, తేదీ, విడదీసిన పద్ధతి కూడా రాసుకున్నారు. ఆక్యుటేజ్‌కి మారకముందు దాచినవి, మారిన కొత్తలోవి, ఆ తర్వాతివి మూడు రకాలూ దొరికాయి. మారకముందు వాటిలో ఫిష్ లెక్క మామూలు స్థాయిలోనే ఉంది. మారిన కొత్తలో వాటిలో కొద్దిగా పైకి జరిగింది. చివరివాటిలో సగం దాటింది.

దీన్నిబట్టి ఆక్యుటేజే దోషి అని తీర్పు ఇచ్చేయొచ్చా? నేను ఇవ్వలేదు. ముద్దలుగానే పెంచిన లైన్లలో కూడా 20క్యూ11.21 వస్తుంది. మారకముందు వయల్‌లో పరీక్షకు అందనంత తక్కువగా ముందే ఉండి ఉండొచ్చు కూడా. మార్పును ఆక్యుటేజ్ పుట్టించిందని కాదు, ఉన్నదాన్ని పెంచి పోషించిందని అనడం ఈ ఆధారాలకు సరిపోతుంది. వేగం విషయంలోనూ అంతే. ఒకటికి పది రేషియో పనిచేయడంలో కొంత వాటా వై-27632 వల్ల ఎక్కువ కణాలు అతుక్కోవడానిది. అంతా మార్పుదే అనుకుంటే పొరపాటు.

పాత వయల్ నుంచి మళ్లీ మొదలుపెట్టించాం. ఫీడర్లు అక్కర్లేదు. మ్యాట్రిజెల్ మీద, ఎంటెసర్ మీడియాలో. మ్యాట్రిజెల్ ఎలుక సార్కోమా నుంచి తీసే పదార్థం. మంచు మీద కరిగించి, చల్లటి టిప్పులతో, చల్లటి మీడియాలో కలపాలి. గది వేడి తగిలితే టిప్పులోనే గడ్డకడుతుంది, ప్లేటు మీద గీతలు గీతలుగా పడుతుంది, కాలనీలు ఆ గీతల వెంటే పెరుగుతాయి. మన వేసవిలో ఏసీ పోయిన రోజు ఈ పని పెట్టుకోకూడదు.

ప్యాసేజ్ రోజున నేను పక్కనే కూర్చున్నాను. కుర్రాడు మీడియా తీసేసి, కాల్షియం, మెగ్నీషియం లేని ఉప్పు ద్రావణం పీబీఎస్‌తో కడిగి, 0.5 మిల్లీమోలార్ ఈడీటీఏ వేశాడు. ఈడీటీఏ కాల్షియాన్ని లాగేసుకుంటుంది. ఈ-క్యాడ్హెరిన్ పట్టు నిలవాలంటే కాల్షియం కావాలి కాబట్టి కణాలు ఒకదాన్నొకటి వదలడం మొదలుపెడతాయి. గది ఉష్ణోగ్రతలో నాలుగైదు నిమిషాలు. గడియారం కంటే మైక్రోస్కోప్‌ను నమ్మాలి. కాలనీలో కణాల మధ్య సన్నటి తెల్లటి సందులు కనిపిస్తాయి, అంచులు కొద్దిగా లేస్తాయి. ఆ క్షణమే ఈడీటీఏ పీల్చేయాలి. కణాలు ఇంకా ప్లేటును పట్టుకునే ఉంటాయి కాబట్టి సెంట్రిఫ్యూజ్ అక్కర్లేదు. మీడియా ఒక్కసారి ధారగా వదిలితే తెల్లటి పలుకుల్లా లేచి వస్తాయి. “ఇంకోసారి పైకీ కిందకీ కొట్టనా మేడం?” అన్నాడు. వద్దన్నాను. అక్కడే అందరి చెయ్యీ ఆగదు. రెండు మూడు సార్లకు మించి పిపెట్ చేస్తే ముద్దలు విడి కణాలైపోతాయి, పేరుకు ఈడీటీఏ పద్ధతి, చేసేది మాత్రం సింగిల్ సెల్ ప్యాసేజ్. 50 నుంచి 200 మైక్రాన్ల ముద్దలు కావాలి. ఇంకో లాభం, డిఫరెన్షియేట్ అయిన కణాలు ఈడీటీఏకి అంత త్వరగా లేవవు. చాలావరకు పాత ప్లేటులోనే ఉండిపోతాయి.

కొత్త ప్లేటులో వేశాక ముందుకీ వెనక్కీ, ఆపైన కుడికీ ఎడమకీ జరపాలి. గుండ్రంగా తిప్పితే ముద్దలన్నీ వెల్ (ప్లేటులోని గుంట) మధ్యలో కుప్పపడతాయి. ఇంక్యుబేటర్లో పెట్టాక తలుపు మాటిమాటికీ తీయకూడదు. మర్నాడు చూస్తే విడి కణాలు తేలుతూ ఉన్నాయి, అతుక్కున్నవి చిన్న చిన్న గూళ్లుగా. కుర్రాడి ముఖం వాడిపోయింది, ఆక్యుటేజ్ ప్లేట్ల నిండుతనానికి కన్ను అలవాటుపడి ఉంది కదా. ఐదో రోజుకి కాలనీలు నిండాయి. ఒకటికి నాలుగు, ఒక్కోసారి ఒకటికి ఐదు. అంచుల్లో డిఫరెన్షియేటెడ్ కణాలు మళ్లీ కనిపించాయి. వాటిని గీకడం మళ్లీ నేర్పించాల్సి వచ్చింది. ఈ కల్చర్ మీద డ్యూయల్ స్మాడ్ పెడితే పాక్స్6 ప్లేటంతా పరచుకుంది. మందుల లాట్లు పాతవే.

ఇప్పుడు ఆ ల్యాబ్‌లో పని ఇలా సాగుతోంది. మెయింటెనెన్స్ ఎప్పుడూ ముద్దలతోనే. విడి కణాలు చేసేది ప్రయోగం మొదలుపెట్టే రోజునే, అలా చేసిన కణాలు తిరిగి స్టాక్‌లోకి వెళ్లవు. ప్రతి పది ప్యాసేజ్‌లకు లోపు కల్చర్ పారేసి బ్యాంకు నుంచి కొత్త వయల్ తీస్తారు. జీ-బ్యాండింగ్‌తో పాటు 20క్యూ11.21 క్యూపీసీఆర్ తప్పనిసరి, అనుమానం వస్తే ఫిష్. కేరియోటైప్ రిపోర్టు చేతికొచ్చేసరికి వారాలు పడుతుంది. ఈలోగా కల్చర్ ముందుకు పోతూనే ఉంటుంది కాబట్టి శాంపిల్ పంపిన రోజే వయల్స్ కూడా ఫ్రీజ్ చేస్తారు. రేషియో పెరిగినా, రోజులు తగ్గినా పుస్తకంలో ఎర్ర సిరాతో రాయాలి. దీనికి ల్యాబ్ నడిపే పీఐ మొదట నవ్వారు. పెరుగుదల బాగుంటే ఎర్ర సిరా ఏమిటని.

జీనోమ్ పరీక్షలన్నీ చేసినా తప్పించుకునేవి ఉంటాయి. 2017లో మెర్కిల్, ఎగ్గన్ బృందం 140 ఈఎస్ లైన్ల డీఎన్ఏ చదివితే ఐదింటిలో క్యాన్సర్‌ను అడ్డుకునే టీపీ53 జీనులో మార్పులు దొరికాయి. ఒక్క అక్షరం తేడాలవి. ఫిష్‌కీ కేరియోటైప్‌కీ దొరకవు. చికిత్సకు పనికొచ్చే కణాలైతే సీక్వెన్సింగ్ దాకా వెళ్లక తప్పదు. ఈ ల్యాబ్‌ది ప్రాథమిక పరిశోధన కాబట్టి అంతవరకు నేను పట్టుబట్టలేదు. నా స్థానంలో వేరేవాళ్లుంటే పట్టుబట్టేవాళ్లేమో.

మన దేశంలో ఈ కణాలతో పని చేయాలంటే ఐసీఎంఆర్, డీబీటీ (బయోటెక్నాలజీ విభాగం) కలిసి 2017లో తెచ్చిన జాతీయ స్టెమ్ సెల్ మార్గదర్శకాల ప్రకారం సంస్థలో స్టెమ్ సెల్ పరిశోధనను పరిశీలించే ఐసీ-ఎస్‌సీఆర్ కమిటీ అనుమతి ఉండాలి. ఈ సంగతి కమిటీకి రాతపూర్వకంగా తెలియజేయమన్నాను, తెలియజేశారు. మార్పు ఉన్న వయల్స్ పారేయనివ్వలేదు. వాటిని విడి కేన్‌లో, ఎర్ర మూతలతో ఉంచారు. ఇప్పుడు క్యూపీసీఆర్ పెట్టిన ప్రతిసారీ పాజిటివ్ కంట్రోల్ అవే. ఆక్యుటేజ్ నెలల్లో ఈ కల్చర్ నుంచి వచ్చిన డేటాలో ఒక భాగం అప్పటికే రాతప్రతిలో ఉంది. ఆ ప్రయోగాలు పాత వయల్ కణాలతో మళ్లీ మొదటి నుంచి చేస్తున్నారు. ఇప్పటివరకు రాతప్రతిలోని రెండు ఫలితాల బొమ్మలు అలాగే నిలిచాయి, ఒకటి తీసేయాల్సి వచ్చింది.